మెగ్నీషియం గ్లైసినేటా, సిట్రేటా, లేక రాగిసంగటి చాలా? నరాల కోసం కొనేముందు ఇది చదవండి

బెంగళూరులో ఈమధ్య ఏ ఆఫీసు డెస్కు మీద చూసినా, ఏ పీజీ రూమ్‌లో చూసినా ఒక మెగ్నీషియం డబ్బా కనిపిస్తోంది. నిద్ర పట్టట్లేదంటే మెగ్నీషియం, పిక్కలు పట్టేస్తున్నాయంటే మెగ్నీషియం, కన్ను అదురుతోందంటే మెగ్నీషియం, అరికాళ్ళు తిమ్మిర్లంటే కూడా మెగ్నీషియమే. మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే చాలు "గ్లైసినేట్ మంచిదా సిట్రేట్ మంచిదా, థ్రియోనేట్ అని ఇంకోటుందంట మెదడుకి డైరెక్ట్‌గా పోతుందంట, రేటు మాత్రం చుక్కల్లో ఉంది, కొనమంటారా" అనే అడుగుతున్నారు. అందుకే అన్నీ పక్కపక్కన పెట్టి ఒకచోట రాద్దామనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ రకం కొనాలి అనే ప్రశ్నకన్నా ముందు మీకు ఉన్న ఇబ్బందేంటి అనేది తేల్చుకోండి, ఎందుకంటే కొన్నిటికి మెగ్నీషియం నిజంగా పనికొస్తుంది, కొన్నిటికి దాంతో సంబంధమే లేదు, సంబంధం లేనిదానికి వాడుతూ కూర్చుంటే అసలు జబ్బు లోపల ముదిరిపోతుంది. రోజువారీ అవసరానికి తిండే ఫస్టు. బిళ్ళే వేసుకోవాలి అనుకుంటే చాలామందికి గ్లైసినేట్ లేదా సిట్రేట్ సరిపోతుంది, ఈ రెండిట్లో ఏది అనేది మీ కడుపు చెబుతుంది.

అసలు నరాల్లో దీని పనేంటి

ఇది కొంచెం తెలిస్తే సగం కన్ఫ్యూజన్ పోతుంది. మెదడులో ఒక నరకణం నుంచి ఇంకోదానికి కబురు పోవాలంటే ఎక్కువగా గ్లూటమేట్ అనే కెమికల్ వాడుకుంటుంది, అది వెళ్ళి అవతలి కణం మీద ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అనే గేటు తడుతుంది. ఆ గేటు దారిలో మామూలప్పుడు ఒక మెగ్నీషియం అయాన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ అన్న ఉన్నట్టు. ఊరికే వచ్చి తట్టినంత మాత్రాన లేవడు. అవతలి కణం అప్పటికే గట్టిగా ఉత్తేజపడి దాని వోల్టేజ్ మారితేనే పక్కకి జరుగుతాడు, అప్పుడే కాల్షియం లోపలికి పోతుంది. ఈ విషయం 1984లో రెండు టీములు వేరువేరుగా కనిపెట్టాయి, జ్ఞాపకశక్తి ఎలా పనిచేస్తుందో చెప్పే న్యూరోసైన్స్ పాఠాల్లో ఇది తప్పకుండా వస్తుంది. మెగ్నీషియం బాగా తగ్గిపోతే ఈ అడ్డు పలచబడుతుంది, చిన్నదానికీ పెద్దదానికీ నరాలు రేగిపోతాయి.

నరం, కండరం కలిసే చోట ఇంకో పని ఉంది. నరం చివర్లోకి కాల్షియం వస్తేనే అసిటైల్‌కొలీన్ బయటికొచ్చి కండరాన్ని బిగిస్తుంది, మెగ్నీషియం ఆ కాల్షియంకి పోటీగా నిలబడి జోరు తగ్గిస్తుంది. ఇదికాక కణంలో శక్తిగా వాడుకునే ఏటీపీ మెగ్నీషియంతో జతకడితేనే పనికొస్తుంది, నరానికి కరెంటు నిలబెట్టే సోడియం-పొటాషియం పంపు నడిచేది ఆ ఏటీపీతోనే. శరీరంలో 300కి పైగా ఎంజైములకి ఇది కావాలి అంటారు కదా, ఆ లెక్క ఇలాంటి పనులన్నీ కలిపి.

నిజంగా లోటు పడితే ఏమవుతుందంటే చేతులు వణకడం, కండరాలు పట్టేయడం, చిమచిమలు, మరీ పడిపోతే ఫిట్స్ కూడా. దాంతోపాటు కాల్షియం, పొటాషియం కూడా పడిపోతాయి, ముందు మెగ్నీషియం సరిచేయకుండా పొటాషియం ఎంత ఎక్కించినా నిలబడదు, ఐసీయూలో పనిచేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన సంగతి.

దీని బలం ఎంతో కళ్ళారా చూడాలంటే లేబర్ వార్డుకి పోవాలి. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటే ఇచ్చేది మెగ్నీషియం సల్ఫేటే, వార్డులో అందరూ మాగ్‌సల్ఫ్ అంటారు. ప్రిచార్డ్ పద్ధతిలో అయితే మొదట 4 గ్రాములు రక్తనాళంలోకి (ఐవీ), 10 గ్రాములు రెండు పిరుదుల్లో సగం సగం ఇస్తారు, ఆ తర్వాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు. ప్రతి డోసుకి ముందు సిస్టర్ మోకాలి కింద సుత్తితో చిన్నగా కొట్టి కాలు ఎగురుతుందా లేదా చూస్తుంది, ఊపిరి లెక్కపెడుతుంది, యూరిన్ ఎంత వచ్చిందో చూస్తుంది. కాలు ఎగరలేదంటే మెగ్నీషియం ఎక్కువై నరం మొద్దుబారుతోందని అర్థం, డోసు ఆపేస్తారు, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే రెడీగా పెట్టుకుంటారు. 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన మ్యాగ్‌పై ట్రయల్‌లో 33 దేశాల్లో పదివేలమందికి పైగా గర్భిణులు ఉన్నారు, ఫిట్స్ ప్రమాదం సగానికి పైగా తగ్గింది. ఇంత పనిచేసే వస్తువుని "ఏముందిలే విటమిన్ లాంటిదే" అని తేలిగ్గా తీసుకోకూడదు అనేది నా బాధ.

తిండా, బిళ్ళా

హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళూ ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్ళకి రోజుకి 440 మి.గ్రా., ఆడవాళ్ళకి 370 మి.గ్రా. మెగ్నీషియం కావాలి. ఇప్పుడు మన పీజీ తిండి చూడండి. పొద్దున ఇడ్లీ లేదా పూరీ, మధ్యాహ్నం తెల్లన్నం సాంబారు, రాత్రి మళ్ళీ తెల్లన్నమో మైదా పరోటానో. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో మెగ్నీషియం 20 మి.గ్రా. చుట్టుపక్కలే ఉంటుంది, తవుడుతో పాటు మిగతాదంతా మిల్లులోనే పోయింది. అదే 100 గ్రాముల రాగిపిండిలో 140 మి.గ్రా. పైన ఉంటుంది, అంటే దాదాపు ఏడింతలు. అనంతపురం, చిత్తూరు, హిందూపురం నుంచి వచ్చినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, సంగటి మన ఇంటి తిండే, పైగా ఉంటున్నది రాగిముద్ద ఊళ్ళో. మిలిటరీ హోటల్లో రోజూ దొరికే ముద్దని వదిలేసి అదే మెగ్నీషియం కోసం నెలనెలా డబ్బా ఆర్డర్ పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు.

గుమ్మడి గింజలు ఒక గుప్పెడు, అంటే ముప్పై గ్రాముల లోపు, 150 మి.గ్రా. దాకా ఇస్తాయి, ఇంత తక్కువ తిండిలో ఇంత ఎక్కువ ఇచ్చేది నాకు ఇంకోటి కనిపించలేదు. బాదం అదే గుప్పెడుకి 80 దాకా, వేరుశనక్కాయలు 50 దాకా. నువ్వులు కూడా మంచివి, నువ్వుల పొడి ఇడ్లీలోకి, అన్నంలోకి వేసుకునే అలవాటు మనకి ఉండనే ఉంది. తోటకూర, పాలకూర, ఉలవలు, అలసందలు, పెసలు అన్నిట్లో ఉంటుంది, ఆకు పచ్చగా ఉందంటేనే అందులో మెగ్నీషియం ఉన్నట్టు, ఎందుకంటే క్లోరోఫిల్ మధ్యలో కూర్చునేది అదే. చలికాలంలో బెంగళూరు అంతా అవరెకాళు వాసన వస్తుంది కదా, అవే మన అనపకాయలు (చిక్కుడు జాతివి, సొరకాయ కాదు), ఆ గింజలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. గింజల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ కొంత మెగ్నీషియంని పట్టేసుకుంటుంది, కానీ నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా ఆ ఫైటేట్ తగ్గుతుంది, మన అమ్మలు చేసేది అదే.

ఇక నీళ్ళ సంగతి. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు బోరు, ట్యాంకర్ నీళ్ళు గట్టిగా ఉంటాయి, బకెట్టుకి తెల్లగా పొర కట్టేది కాల్షియం మెగ్నీషియం లవణాలే. తాగేనీటిలో లీటరుకి 30 మి.గ్రా. దాకా మెగ్నీషియం ఉండొచ్చని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, ఆ లెక్కన రెండు లీటర్లు తాగితే 60 మి.గ్రా. వచ్చినట్టు. ఆర్‌ఓ పెట్టుకుంటే అందులో చాలావరకు పోతుంది. అలాగని ఆర్‌ఓ పీకేసి బోరు నీళ్ళు తాగమని కాదు, ఆ నీళ్ళల్లో ఇంకా ఏమేం ఉంటాయో తెలీదు, పోయినదాన్ని ప్లేటులో పెట్టుకోండి అంటున్నా అంతే.

మరి బిళ్ళ ఎవరికి అవసరం అంటే, తినే తిండి మార్చుకునే వీలు లేనివాళ్ళు, షుగర్ కంట్రోల్‌లో లేక యూరిన్‌లో మెగ్నీషియం పోగొట్టుకునేవాళ్ళు, ఎక్కువకాలంగా విరేచనాల జబ్బు ఉన్నవాళ్ళు, తాగుడు అలవాటు బాగా ఉన్నవాళ్ళు, బీపీకి నీళ్ళ బిళ్ళలు (యూరిన్ ఎక్కువ పోయేలా చేసే మందులు) వాడేవాళ్ళు. ఇంకో పెద్ద గుంపు ఉంది, ఏళ్ళ తరబడి పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకునేవాళ్ళు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రకం మందులు దీర్ఘకాలం వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరిక ఇచ్చింది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దాన్ని డాక్టర్ రాయకుండానే కొనుక్కుని వాడుతుంటారు, ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి.

బ్లడ్ టెస్టు చేయిస్తే తెలిసిపోతుంది కదా అంటారు. సగమే నిజం. ఒంట్లో ఉండే పాతిక గ్రాముల మెగ్నీషియంలో సగానికి పైగా ఎముకల్లో, మిగతాది ఎక్కువగా కండరాల్లో, కణాల్లో ఉంటుంది, రక్తంలో సీరంలో తిరిగేది ఒక శాతం కూడా కాదు. కాబట్టి రిపోర్టులో తక్కువ అని వస్తే అది నిజంగా సీరియస్‌గా తీసుకోవాల్సిందే, నార్మల్ అని వస్తే మాత్రం లోపల నిల్వ నిండుగా ఉందని గ్యారంటీ లేదు.

డబ్బాల్లో ఏది

అన్నిట్లో చవక, మెడికల్ షాపులో ముందు చేతికొచ్చేది మెగ్నీషియం ఆక్సైడ్. బరువులో 60 శాతం మెగ్నీషియమే, చూడ్డానికి చాలా లాభం అనిపిస్తుంది, కానీ నీళ్ళలో సరిగ్గా కరగదు, ఒంటికి పట్టేది చాలా తక్కువ, మిగిలింది పేగులోకి నీళ్ళు లాగి మోషన్స్ చేస్తుంది. నరాల కోసం అయితే నేను ఇది కొనమని చెప్పను. మలబద్ధకానికి వాడతారు, అది వేరే సంగతి.

సిట్రేట్‌లో మెగ్నీషియం 16 శాతం చుట్టుపక్కల. బాగా కరుగుతుంది, ఆక్సైడ్ కన్నా బాగా పడుతుంది, రేటు మధ్యస్తం. కడుపు కొంచెం లూజ్ చేస్తుంది, కాబట్టి ఎప్పుడూ మలబద్ధకంతో ఉండేవాళ్ళకి, రోజంతా కుర్చీలో కూర్చుని నీళ్ళు కూడా సరిగ్గా తాగని మన ఐటీవాళ్ళకి రెండు పనులూ అవుతాయి. ఐబీఎస్ (పేగు ఊరికే ఇబ్బంది పెట్టే జబ్బు) ఉండి పొద్దున్నే నాలుగుసార్లు బాత్రూమ్‌కి పోయేవాళ్ళు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కునేవాళ్ళు దీని జోలికి పోకండి, ఇది నిజంగా అంటున్నా.

గ్లైసినేట్ లేదా బిస్‌గ్లైసినేట్, రెండూ ఒకటేననుకోండి, ఇందులో 14 శాతం మెగ్నీషియం, మిగతాది గ్లైసిన్ అనే అమైనో యాసిడ్. కడుపుకి మెత్తగా ఉంటుంది, దీని పెద్ద లాభం అదే. గ్లైసిన్ వల్ల నిద్ర బాగా పడుతుందని అమ్మేవాళ్ళు గట్టిగా చెప్తారు, గ్లైసిన్ వెన్నుపాములో నరాల్ని శాంతపరిచే కెమికల్ అన్నమాట నిజమే, కానీ నిద్ర మీద గ్లైసిన్‌తో చేసిన స్టడీల్లో వాడింది 3 గ్రాములు, మీరు 200 మి.గ్రా. మెగ్నీషియం వచ్చేంత గ్లైసినేట్ వేసుకుంటే గ్లైసిన్ ఒకటింబావు గ్రాము దాకా వస్తుంది, అంతే. కాబట్టి కడుపు కోసం ఎంచుకోండి, మ్యాజిక్ కోసం కాదు.

థ్రియోనేట్ గురించి అందరూ అడిగేది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. 2010లో న్యూరాన్ అనే జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది, ఈ రకం మెగ్నీషియం ఇచ్చిన ఎలకల మెదడులో మెగ్నీషియం పెరిగింది, వాటి జ్ఞాపకశక్తి మెరుగైంది అని. మంచి సైన్సే, కాదనను. కానీ ఎలకల దగ్గరనుంచి మనుషుల దాకా రావడం చాలా దూరం, మనుషుల్లో జరిగినవి చిన్న స్టడీలు, కొన్నిట్లో అమ్మే కంపెనీల ప్రమేయం కూడా ఉంది. ఇందులో మెగ్నీషియం 7-8 శాతమే, 2 గ్రాములు మింగితే వచ్చేది 144 మి.గ్రా. మామూలు లోటు పూడ్చుకోవడానికి ఇది చాలా ఖరీదైన దారి. పరీక్షలకి చదివే పిల్లలకి "బ్రెయిన్ మెగ్నీషియం" అని కొనిపెడుతున్న అమ్మానాన్నలకి నేను చెప్పేది ఒకటే, ఆ డబ్బుతో బాదం, గుమ్మడి గింజలు కొని, రాత్రి పదకొండుకి ఫోన్ తీసి పక్కన పెట్టించండి.

మాలేట్, టారేట్ కూడా దొరుకుతాయి, బాగానే పడతాయి, కానీ నరాల విషయంలో గ్లైసినేట్ కన్నా గొప్పవని నమ్మేంత ఆధారం లేదు. ఎప్సమ్ సాల్ట్ (ఇదీ మెగ్నీషియం సల్ఫేటే) వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, ఆ హాయి వేడినీళ్ళది, చర్మం గుండా మెగ్నీషియం చెప్పుకోదగ్గంత లోపలికి పోతుందనడానికి గట్టి ఆధారం లేదు, మెగ్నీషియం ఆయిల్ స్ప్రేలదీ అదే కథ. ఎప్సమ్ సాల్ట్‌ని మాత్రం సప్లిమెంట్ లాగా నీళ్ళలో కలుపుకుని తాగకండి.

లేబుల్ వెనక్కి తిప్పి చూడండి

డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో "మెగ్నీషియం గ్లైసినేట్ 1000 మి.గ్రా." అని ఉంటుంది. అది మొత్తం పొడి బరువు, మీకు కావాల్సింది వెనక సన్న అక్షరాల్లో ఉండే "ఎలిమెంటల్ మెగ్నీషియం" అనే లైను, అంటే ఆ పొడిలో అసలు మెగ్నీషియం ఎంత అనేది. అసలైన గ్లైసినేట్ అయితే 1000కి 140 దాకా రావాలి. అక్కడ 250, 300 అని ఉందనుకోండి, సంబరపడకండి, లోపల ఆక్సైడ్ కలిపి ఉండొచ్చు, కొంతమంది "బఫర్డ్" అని రాస్తారు, కొంతమంది అదీ రాయరు. ఎలిమెంటల్ లైనే లేకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టేసి రండి. తర్వాత సర్వింగ్ సైజు చూడండి, ఒక సర్వింగ్ అంటే రెండు మూడు క్యాప్సూల్స్ అని ఉంటుంది, అరవై క్యాప్సూల్స్ డబ్బా రెండు నెలలు వస్తుందనుకుంటే ఇరవై రోజులకే అయిపోతుంది. కాబట్టి రేటు పోల్చేటప్పుడు డబ్బాకి ఎంత అని కాకుండా 100 మి.గ్రా. ఎలిమెంటల్‌కి ఎంత పడుతోంది అని లెక్కేసుకోండి. పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ ఉందో లేదో కూడా చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, "నరాల బలానికి" అని అమ్మే వాటిల్లో మెగ్నీషియంతో పాటు బి6 కలుపుతారు. బి6 తక్కువైతే నరాలకి చేటు, కానీ ఎక్కువ డోసులో నెలల తరబడి వాడినా నరాలకి చేటే, అరికాళ్ళు అరిచేతులు తిమ్మిర్లు వచ్చేది దానివల్లే కావొచ్చు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్ళకి రోజుకి 12 మి.గ్రా. మించొద్దని పరిమితి తగ్గించింది. ఒక డబ్బాలో బి6, రోజూ వేసుకునే మల్టీవిటమిన్‌లో బి6, డాక్టర్ రాసిన నరాల బిళ్ళలో బి6, మూడూ కలిపితే ఎంతవుతుందో ఒకసారి కూడి చూడండి.

మీ ఇబ్బందిని బట్టి

మైగ్రేన్‌కి మెగ్నీషియం నిజంగా ప్రయత్నించదగ్గది. అమెరికా న్యూరాలజీ, తలనొప్పి సంఘాలు 2012లో ఇచ్చిన గైడ్‌లైన్‌లో దీన్ని "బహుశా పనిచేస్తుంది" అనే వరుసలో పెట్టాయి, మైగ్రేన్ రాకుండా ఆపడానికి, వచ్చాక తగ్గించడానికి కాదు. స్టడీల్లో వాడిన డోసు రోజుకి 600 మి.గ్రా. దాకా ఉంది, సిట్రేట్ రూపంలో, రెండు మూడు నెలల పాటు. సప్లిమెంట్‌గా సొంతంగా వేసుకునేదానికి అమెరికాలో పెట్టిన హద్దు 350 మి.గ్రా., యూరప్‌లో 250 మి.గ్రా. కాబట్టి అంత డోసు న్యూరాలజిస్ట్ చెప్తేనే.

రాత్రిపూట పిక్కలు పట్టేయడానికి అందరూ ముందు దీన్నే వాడతారు, బాధాకరమైన విషయం ఏంటంటే ఇక్కడే దీనికి ఆధారం తక్కువ. చాలా స్టడీల్ని కలిపి చూసిన 2020 కొక్రేన్ రివ్యూ ప్రకారం పెద్ద వయసువాళ్ళలో పిక్కలు పట్టడం ఆపడానికి మెగ్నీషియం చెప్పుకోదగ్గంత పనిచేసేలా లేదు. పడుకునే ముందు పిక్కలు సాగదీసే ఎక్సర్‌సైజు చేసి చూడండి, నీళ్ళు తాగండి, కొలెస్ట్రాల్ బిళ్ళ, నీళ్ళ బిళ్ళ వాడుతుంటే డాక్టర్‌తో ఆ సంగతి మాట్లాడండి.

నిద్రకి, టెన్షన్‌కి అంటే లోటు ఉన్నవాళ్ళకి కొంత ఉపయోగం ఉండొచ్చు, స్టడీలు చిన్నవి, ఫలితాలు ఒకేలా లేవు. యూఎస్ షిఫ్టు చేసి తెల్లారి నాలుగుకి రూముకొచ్చి, మధ్యలో మూడు ఫిల్టర్ కాఫీలు పడ్డాక ఏ గ్లైసినేట్ నిద్ర పట్టిస్తుంది చెప్పండి. సైకియాట్రిస్ట్ రాసిన మందు వాడుతున్నవాళ్ళు మాత్రం దీన్ని నమ్ముకుని అది ఆపొద్దు, ఈ ఒక్కమాట గుర్తుపెట్టుకోండి చాలు.

కన్ను అదరడం. మనవాళ్ళు కుడా ఎడమా అని చూస్తారు, ఫార్మసీవాళ్ళు మెగ్నీషియం ఇస్తారు. రెప్ప అదరడం ఎక్కువగా నిద్రలేమి, కాఫీ, స్క్రీను, అలసట వల్ల వస్తుంది, కొన్నాళ్ళకి దానంతటదే పోతుంది. రెప్పతో ఆగకుండా బుగ్గ, మూతి కూడా లాగుతున్నా, కన్ను బలవంతంగా మూసుకుపోతున్నా న్యూరాలజిస్ట్‌కి చూపించండి, మెదడు, నరాల పెద్దాసుపత్రి నిమ్‌హాన్స్ ఉన్న ఊళ్ళో ఉండి డబ్బాలు మార్చుకుంటూ కూర్చోవద్దు.

అన్నిటికన్నా నాకు భయం తిమ్మిర్లతోనే. హిందూపురంలో మా పెద్దమ్మకి అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలడం. ఇంట్లో పిల్లలందరూ ప్రేమతోనే ఇక్కడినుంచి మెగ్నీషియం డబ్బాలు పంపేవాళ్ళు. ఆమె శాకాహారి, ఏళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, దానికి తోడు గ్యాస్ బిళ్ళ. ఈ మూడూ బి12ని తగ్గించేవే. టెస్టు చేయిస్తే బి12 అట్టడుగున ఉంది, ఇంజెక్షన్లు పడ్డాక తూలడం తగ్గింది, మంట కొంత మిగిలిపోయింది. బి12 లోటు ఎక్కువకాలం పట్టించుకోకపోతే నరానికి జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, అందుకే ఇంతగా చెప్తున్నా. చేతులు కాళ్ళు తిమ్మిర్లు రెండు మూడు వారాలుగా ఉంటే మెగ్నీషియం కొనే డబ్బుతో ముందు బి12, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్ టెస్టులు చేయించుకోండి. ఒకవైపు మాత్రమే హఠాత్తుగా మొద్దుబారినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా అది పక్షవాతం కావొచ్చు, టెస్టులు కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి.

ఎవరు సొంతంగా వేసుకోకూడదు, ఎప్పుడు వేసుకోవాలి

కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్పకుండా అస్సలు వేసుకోకూడదు, ఎక్కువైన మెగ్నీషియంని బయటికి పంపేది కిడ్నీలే, అవి పనిచేయకపోతే ఒంట్లో పేరుకుని బీపీ పడిపోవడం, మత్తు, ఊపిరి మందగించడం దాకా పోతుంది. వాళ్ళు గ్యాస్‌కి తాగే తెల్లటి సిరప్‌లో, మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో కూడా ఇదే ఉంటుందని చాలామందికి తెలీదు. మయస్తీనియా గ్రావిస్ అనే కండరాల నీరసం జబ్బు ఉన్నవాళ్ళకి కూడా మెగ్నీషియం ప్రమాదమే, పైన చెప్పిన నరం-కండరం జాయింటు దగ్గరే వాళ్ళ సమస్య కాబట్టి. హార్ట్ బ్లాక్ (గుండెలో కరెంటు సిగ్నల్ అడ్డుపడే జబ్బు, రక్తనాళం మూసుకుపోవడం కాదు) ఉన్నవాళ్ళూ అడిగే వేసుకోవాలి.

ఇక మిగతావాళ్ళకి, రోజుకి 100 నుంచి 200 మి.గ్రా. ఎలిమెంటల్‌తో మొదలుపెడితే చాలు, మిగతాది తిండినుంచి రావాలి. భోజనం తర్వాత వేసుకుంటే కడుపుకి ఇబ్బంది తక్కువ, రాత్రే వేసుకోవాలనే రూలేమీ లేదు, కానీ పొద్దున థైరాయిడ్ బిళ్ళ వేసుకునేవాళ్ళకి రాత్రి భోజనం తర్వాత వేసుకోవడమే సుఖం, ఎందుకంటే ఆ రెండిటికీ కనీసం నాలుగు గంటలు ఎడం కావాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ కోర్సు నడుస్తున్నప్పుడు మెగ్నీషియం ఆ మందుని పేగులోనే పట్టేసుకుంటుంది, ఆ కోర్సు అయ్యేదాకా డబ్బా మూసేయడం తేలిక. నరాల నొప్పికి గాబాపెంటిన్ వాడుతుంటే మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌కి, దానికి రెండు గంటలు తేడా పెట్టండి. మోషన్స్ లూజ్ అయితే డోసు సగం చేయండి, అప్పటికీ ఆగకపోతే సిట్రేట్ నుంచి గ్లైసినేట్‌కి మారండి, మూడు నెలలు వాడినా ఏ తేడా లేకపోతే ఇంకో బ్రాండ్ వెతక్కుండా ఆపేసి, ఆ ఇబ్బందికి అసలు కారణం ఏంటో డాక్టర్ దగ్గర చూపించుకోండి.